పిల్లికూన ఎదుగుదల: దినసరి బరువే తొలి సూచిక

పంటల యాజమాన్యం బోధించే వ్యక్తి పిల్లికూనల గురించి వ్యాసం రాయడం ఈ పత్రిక పాఠకులలో కొందరికి వింతగా తోచవచ్చు. అయితే ధాన్యం ఉన్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పిల్లులు ఉండడం వ్యవసాయమంత పాత సంగతి. పరిశోధనా క్షేత్రాలలోని విత్తన గిడ్డంగులు, రైతుల ఇళ్లలోని గాదెలు, పశువుల పాకలు, వసతిగృహాల వంటశాలల వెనుక పేర్చిన ఖాళీ సంచులు, ఇవన్నీ పిల్లులు పిల్లలు పెట్టే చోట్లే. తల్లి ఏ వాహనం కిందనో పడి చనిపోయినప్పుడు, గిడ్డంగి ఖాళీ చేసేటప్పుడు సంచుల మధ్య కూనలు బయటపడినప్పుడు, వాటిని అట్టపెట్టెలో పెట్టుకొని ముందుగా పరుగెత్తేది విద్యార్థులే. పల్లెల్లో పిల్లలు తెచ్చిన కూనను చూపించి, పక్కనున్న విస్తరణాధికారిని ఏం పెట్టాలని అడిగే రైతు కుటుంబాలూ ఉన్నాయి. అడిగినవారు చెప్పే మాట దాదాపు ఒకటే: “పాలు తాగుతోంది సార్, నిద్రపోతోంది, బాగానే ఉన్నట్టుంది.”

ఆ ‘బాగానే ఉన్నట్టుంది’ అన్న మాటను పరీక్షించడమే ఈ వ్యాసం ఉద్దేశం. పుట్టిన తొలి రెండు వారాలలో పిల్లికూన రోజులో అధిక భాగం నిద్రలోనే గడుపుతుంది. పుట్టినప్పుడు కళ్లు తెరుచుకొని ఉండవు, చెవులు వినవు, వణికి వేడి పుట్టించుకునే శక్తి ఉండదు. కడుపు నిండిన కూనా కదలకుండా పడుకుంటుంది, ఆకలితో నీరసించిన కూనా కదలకుండానే పడుకుంటుంది. కాలేయంలో నిల్వ ఉండే శక్తి చాలా స్వల్పం కనుక పాలు అందకపోవడానికీ ప్రాణం పోవడానికీ మధ్య వ్యవధి ఒక్కొక్కప్పుడు ఒక రోజైనా ఉండదు. నీరసం మన కంటికి స్పష్టంగా కనిపించే వేళకు చికిత్సకు సమయం మించిపోయి ఉండవచ్చు. దానికంటే ముందే, సాధారణంగా కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల ముందే, మారేది బరువు. అందుకు కావలసిన పరికరం ప్రతి కిరాణా దుకాణంలోనూ ఉండే చిన్న ఎలక్ట్రానిక్ కాటా.

బరువు అంకెలను ఎలా అర్థం చేసుకోవాలి

సాధారణంగా పిల్లికూన పుట్టినప్పుడు 90 నుంచి 110 గ్రాముల బరువు ఉంటుంది. 75 గ్రాములకు లోపుగా పుట్టిన కూనలకు ప్రాణాపాయం ఎక్కువ. మొదటి రోజున కొద్దిపాటి తగ్గుదల సహజమే గాని, అది పుట్టుక బరువులో 10 శాతాన్ని మించరాదు. ఆ తరువాత ప్రతిరోజూ సుమారు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. 7 నుంచి 10 రోజులలో పుట్టుక బరువు రెట్టింపు కావాలి. రెండు వారాలు నిండినా రెట్టింపు కాని కూనను తప్పక పశువైద్యుడికి చూపించాలి. నాలుగు వారాలకు 350 నుంచి 450 గ్రాములు, ఎనిమిది వారాలకు 800 నుంచి 900 గ్రాములు ఉండడం మామూలు. వారానికి దాదాపు 100 గ్రాములు అని గుర్తుపెట్టుకుంటే రైతుకు చెప్పడానికి చాలు.

విద్యార్థులు మాత్రం ఈ అంకెల దగ్గర ఆగకూడదు. 1919లో వి.హెచ్. బ్లాక్‌మన్ మొక్కల పెరుగుదలను చక్రవడ్డీతో పోల్చి చూపిన సంగతి, దాని నుంచి సాపేక్ష వృద్ధి రేటు అనే భావన వచ్చిన సంగతి మనం తరగతిలో చెప్పుకునేదే. అదే లెక్కను ఇక్కడ వేసి చూద్దాం. 100 గ్రాముల కూన మొదటి వారంలో 200 గ్రాములకు చేరిందనుకుందాం. రోజుకు సగటు పెరుగుదల 14.3 గ్రాములు, సాపేక్ష వృద్ధి రేటు రోజుకు గ్రాముకు 0.099 గ్రాములు, అంటే దాదాపు 10 శాతం. అదే కూన అయిదో వారంలో 400 నుంచి 500 గ్రాములకు చేరితే రోజువారీ పెరుగుదల మళ్లీ 14.3 గ్రాములే. కాని సాపేక్ష రేటు 0.032కు, అంటే రోజుకు 3.2 శాతానికి పడిపోయింది. రేఖాపటంలో ఒకే వాలుతో సాగే గీత వెనుక కూన శరీరం పడుతున్న శ్రమ మొదటి వారంలో మూడింతలు.

ఈ లెక్కకు ఆచరణలో ఒక ముఖ్యమైన అర్థం ఉంది. ఒక రోజున 10 గ్రాములు తగ్గడం 500 గ్రాముల కూనకు 2 శాతం నష్టం. మర్నాడు మళ్లీ తూచి చూడవచ్చు. 100 గ్రాముల కూనకు అదే 10 గ్రాములు 10 శాతం నష్టం. 60 కిలోల మనిషి ఒక రాత్రిలో ఆరు కిలోలు తగ్గడంతో సమానం. కనుక తగ్గిన గ్రాములను చూసి కాక, ఉన్న బరువులో అది ఎంత భాగమో చూసి నిర్ణయం తీసుకోవాలి. మొదటి రెండు వారాలలో ఒక రోజంతా బరువు పెరగకపోయినా అది హెచ్చరికే. వరుసగా రెండు తూకాలలో తగ్గితే, కూన చురుగ్గా కనిపిస్తున్నా సరే, ఆలస్యం చేయకూడదు.

అమెరికాలోని పొట్టి బొచ్చు సాధారణ పిల్లుల బరువుల ఆధారంగా తయారైన వృద్ధి పట్టికలు 2022లో ప్రచురితమయ్యాయి. మానవ శిశువుల పట్టికలలాగే వాటిలోనూ శతాంశ రేఖలు ఉంటాయి. మన ఊరి పిల్లి ఆ పట్టికలో ఏ రేఖపై ఉందన్నది నా దృష్టిలో అంత ముఖ్యం కాదు. చిన్నదిగా పుట్టి, తన రేఖను వదలకుండా పెరుగుతున్న కూన గురించి ఆందోళన అక్కరలేదు. పై రేఖ మీద మొదలై క్రమంగా కిందికి జారుతున్న బొద్దు కూన గురించే ఆలోచించాలి. ఒక్క తూకం దాదాపు ఏమీ చెప్పదు. చెప్పేది తూకాల వరుస.

తూచే పద్ధతి

ఒక గ్రాము వరకు చూపే వంటింటి కాటా కావాలి. స్ప్రింగు తక్కెడ, మనుషులు నిలబడి చూసుకునే కాటా ఇందుకు పనికిరావు. 50 గ్రాముల తేడాను గుర్తించలేని పరికరంతో 10 గ్రాముల పెరుగుదలను ఎవరూ కొలవలేరు. కాటాపై లోతైన గిన్నె గాని చిన్న ప్లాస్టిక్ డబ్బా గాని ఉంచి, అడుగున మెత్తని గుడ్డ వేసి, అంకెను సున్నాకు తెచ్చి అప్పుడు కూనను ఉంచాలి. స్టీలు గిన్నెలో నేరుగా పెడితే ఒళ్లు చల్లబడుతుంది. కదిలే కూనను మూడుసార్లు తూచి సగటు రాసుకోవడం మేలు. గుడ్డ తడిసినా మార్చినా మళ్లీ సున్నా చేయాలి. మా విద్యార్థులలో ఎక్కువమంది మరచిపోయేది ఈ చిన్న విషయమే.

తూచే వేళ మారకూడదు. కూన జీర్ణకోశం 100 గ్రాముల శరీర బరువుకు సుమారు 4 మి.లీ. పాలు మాత్రమే పడుతుంది. అంటే కడుపు నిండా తాగిన వెంటనే తూచిన బరువులో దాదాపు 4 శాతం పాలే. ఒకరోజు తాగకముందు, మరుసటి రోజు తాగిన తరువాత తూస్తే లేని పెరుగుదల ఉన్నట్టు కనిపిస్తుంది. ఉదయం తొలిసారి పాలు తాగకముందు తూచడం అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి. తల్లిపాలు అందుతున్నాయో లేదో అన్న అనుమానం ఉన్నప్పుడు మాత్రం ఈ పొరపాటునే పనిముట్టుగా వాడుకోవచ్చు. తల్లి దగ్గర వదిలే ముందు ఒకసారి, తాగిన వెంటనే ఒకసారి తూస్తే, తేడాయే తాగిన పాలు. రొమ్ము పట్టుకొని చప్పరిస్తున్న కూన నిజంగా తాగుతోందో లేదో కంటితో చెప్పడం కష్టం.

రెండు వారాల వయస్సు వరకు రోజుకు ఒకసారి, తల్లి లేని కూనలనైతే రోజుకు రెండుసార్లు, ఆ తరువాత పాలు మాన్పించేదాకా రెండు మూడు రోజులకు ఒకసారి, ఎనిమిది వారాల తరువాత వారానికి ఒకసారి తూస్తే సరిపోతుంది. ఒకే రంగు కూనలుంటే గుర్తు తప్పనిసరి. మెడకు దారం కట్టే అలవాటు మంచిది కాదు. కూన పెరుగుతుంటే దారం బిగుసుకుంటుంది, తల్లి నమిలి మింగే ప్రమాదమూ ఉంది. తోకపై గాని చెవి దగ్గర గాని ఉన్న మచ్చను పుస్తకంలో బొమ్మగా గీసుకోవడం, లేదా ఒక్కొక్క కూనకు ఒక్కొక్క చోట కొద్దిగా బొచ్చు కత్తిరించడం మేలు.

తల్లి ఉన్న కూనలను తూచేవారు ఇంకో సంగతి మరువరాదు. పిల్లి తన కూనలను ఏడిళ్లు తిప్పుతుందన్న సామెత ఊరికే పుట్టలేదు. అలజడి ఎక్కువైతే అది మకాం మారుస్తుంది. తల్లి తిండికి లేచినప్పుడు, ఒకే మనిషి, చేతులు శుభ్రంగా కడుక్కొని, అయిదు నిమిషాలలో తూకం ముగించాలి. చూడడానికి వచ్చినవారందరికీ కూనలను చేతికివ్వడం తూకం కాదు. గిడ్డంగి మూలలో కూనలు ఒంటరిగా కనిపించినంత మాత్రాన అవి అనాథలు కావు. తల్లి వేటకు వెళ్లి ఉండవచ్చు. కూనలు వెచ్చగా, కడుపు నిండుగా, అరవకుండా ఉంటే దూరం నుంచి కొన్ని గంటలు కనిపెట్టి చూడాలి. మనం కలిపే ఏ పాలూ తల్లిపాలకు సాటి రావు.

వయస్సు తెలియనప్పుడు

దొరికిన కూనల విషయంలో తరచూ ఒక తర్కదోషం జరుగుతుంది. బరువు 250 గ్రాములు కనుక వయస్సు రెండు వారాలు అంటారు; రెండు వారాల కూనకు 250 గ్రాములు సరిపోయింది కనుక ఆరోగ్యంగా ఉందంటారు. బరువుతో వయస్సు నిర్ణయించి, ఆ వయస్సుతో బరువును సమర్థించడం ఇది. వరిలో పైరు ఎత్తును బట్టి వయస్సు చెప్పం. పిలకలు, అంకురం, పొట్ట, ఈనిక అని దశను చూసి చెబుతాం. అప్పుడే ఆ దశకు తగిన ఎదుగుదల ఉందా లేదా అన్నది తేలుతుంది. కూనకూ అలాంటి దశలున్నాయి. కళ్లు 7 నుంచి 14 రోజుల మధ్య తెరుచుకుంటాయి. ముందు భాగంలోని చిన్న పళ్లు రెండు మూడు వారాలకు, కోరపళ్లు మూడు నాలుగు వారాలకు, దవడ పళ్లు నాలుగు నుంచి ఆరు వారాల మధ్య వస్తాయి. 250 గ్రాముల కూన నోటిలో కోరపళ్లు కనిపిస్తే అది రెండు వారాల ఆరోగ్యవంతమైన కూన కాదు, నాలుగు వారాల బక్కచిక్కిన కూన. ఈ రెండింటికీ చేయవలసిన వైద్యం వేరు, పెట్టవలసిన తిండీ వేరు.

ఒక్క కూనా, మొత్తం కూనలా?

నా ఉద్దేశంలో వ్యవసాయ విద్యార్థికి ఈ విషయంలో ఉన్న ప్రత్యేక నేర్పు ఇక్కడే అక్కరకు వస్తుంది. పొలంలో పైరు పసుపురంగుకు తిరిగితే మనం మొదట అడిగే ప్రశ్న, మడి అంతటా ఉందా, అక్కడక్కడా ఉందా అని. అంతటా ఉంటే నేల, నీరు, ఎరువు. అక్కడక్కడా ఉంటే తెగులు, పురుగు, స్థానిక లోపం. ఒకే కాన్పులోని కూనలు ఒకే తల్లి, ఒకే గూడు, ఒకే పాలు పంచుకుంటాయి కనుక అవి ప్రకృతి ఇచ్చిన పునరావృత్తులు. వాటి బరువులను పక్కపక్కన రాసి చూస్తే సమస్య ఎక్కడుందో చాలావరకు తేలిపోతుంది.

ఉదాహరణకు నాలుగు కూనలు నిన్న 162, 158, 149, 155 గ్రాములు ఉండి, నేడు 174, 171, 147, 167 అయ్యాయనుకుందాం. మూడు కూనలు 12 నుంచి 13 గ్రాములు పెరిగాయి. ఒకటి 2 గ్రాములు తగ్గింది. తల్లిపాలలో లోపం లేదు, గూడులో లోపం లేదు. ఆ మూడో కూన నోరు తెరిచి అంగిలి చీలిక ఉందేమో చూడాలి. తాగేటప్పుడు ముక్కులోంచి పాలు వస్తున్నాయా, బలమైన కూనలు దాన్ని పక్కకు నెడుతున్నాయా, బొడ్డు దగ్గర చీము ఉందా, చిగుళ్లు పాలిపోయాయా అన్నది చూడాలి. మరో రొమ్ము దగ్గర దానికి ప్రత్యేకంగా అవకాశం కల్పించడంతోనే కొన్నిసార్లు సమస్య తీరుతుంది.

అదే మరునాడు నాలుగు కూనలూ 2 నుంచి 3 గ్రాములు మాత్రమే పెరిగాయనుకుందాం. అప్పుడు కూనలను పరీక్షించడం కంటే తల్లిని పరీక్షించడం ముందు. పొదుగువాపుతో రొమ్ములు గట్టిపడి వేడిగా ఉన్నాయా? తల్లికి జ్వరం ఉందా? గూటిలోకి చలిగాలి వస్తోందా? తల్లికి మనం ఏం పెడుతున్నాం? పాలిచ్చే పిల్లికి మామూలు కంటే రెండు మూడు రెట్లు శక్తి అవసరం. మన ఇళ్లలో దానికి దక్కేది పెరుగన్నం. మాంసాహార జంతువైన పిల్లి అన్నం తిని నలుగురు పిల్లలకు పాలివ్వలేదు. గుడ్డు, ఉడికించిన చేప, కోడి మాంసం, వీలైతే కూనల కోసం తయారుచేసిన పిల్లి దాణా తల్లికి పెడితే రెండు మూడు రోజులలో ఆ ఫలితం కూనల తూకంలో కనిపిస్తుంది.

తల్లి గురించి అడగవలసిన మరో ప్రశ్న మన సిఫారసులకు సంబంధించినది. గిడ్డంగిలో గాని చుట్టుపక్కల పొలాలలో గాని ఎలుకల ఎర పెట్టారా? మనం సిఫారసు చేసే బ్రోమాడయోలోన్ 0.005 శాతం ఎర రక్తం గడ్డకట్టకుండా చేసే మందు. తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతూ పిల్లికి సులువుగా చిక్కుతుంది. మందు ఎలుక కాలేయంలో నిలిచి ఉంటుంది కనుక అలాంటి ఎలుకలను పదేపదే తిన్న పిల్లికి ముప్పు ఉంది. లక్షణాలు కనిపించేందుకు కొన్ని రోజులు పడుతుంది. నీరసం, పాలిపోయిన చిగుళ్లు, మలంలోనో ముక్కులోనో రక్తం కనిపిస్తే పశువైద్యుడు కె1 విటమిన్‌తో చికిత్స చేయగలడు. ఏ ఎర వాడారో ఆ పేరు ఆయనకు చెప్పగలగాలి. జింక్ ఫాస్ఫైడ్ ఎరకు అలాంటి విరుగుడు లేదు. ఎర పెట్టిన తరువాత ప్రతి ఉదయం చచ్చిన ఎలుకలను ఏరి పూడ్చిపెట్టాలన్న సూచనను మన కరపత్రాలలో చివరి పంక్తిగా వేస్తాం. దాన్ని పైకి తేవడం మంచిదని నా అభిప్రాయం. పిల్లి చచ్చిన గిడ్డంగిలో మరుసటి ఏడాది ఎరకు అయ్యే ఖర్చు ఎక్కువే అవుతుంది.

ముందు వెచ్చదనం, తరువాత పాలు

బరువు తగ్గిందని తెలియగానే అందరూ చేసే మొదటి పని పాలు పట్టడం. చేయవలసిన మొదటి పని మాత్రం ఒళ్లు తాకి చూడడం. తొలి వారంలో కూన శరీర ఉష్ణోగ్రత 35 నుంచి 36 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. నాలుగు వారాలకు 38 డిగ్రీలకు చేరుతుంది. 35 డిగ్రీల లోపుకు చల్లబడిన కూనలో పేగుల కదలిక మందగిస్తుంది. అప్పుడు పోసిన పాలు అరగవు. ఉబ్బరిస్తాయి, లేదా ఊపిరితిత్తులలోకి పోతాయి. ముందుగా గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన ఉంచి, గంట రెండు గంటల వ్యవధిలో నెమ్మదిగా వెచ్చబరచాలి. వేడి ఎక్కువైతే కూన పక్కకు జరగడానికి పెట్టెలో చోటు ఉండాలి. మొదటి వారంలో గూటిలో 30 నుంచి 32 డిగ్రీలు, రెండో వారంలో దాదాపు 27 డిగ్రీలు ఉండడం మంచిది. మన వేసవిలో ఇది పెద్ద సమస్య కాదు గాని, ధనుర్మాసపు తెల్లవారుజామున సిమెంటు నేల మీద ఉంచిన కూనకు ఇదే ప్రాణసంకటం.

ఇక పాలు. ఆవుపాలలో మాంసకృత్తులు సుమారు 3.3 శాతం, పిల్లిపాలలో 7 శాతానికి పైగా. 150 గ్రాముల కూనకు 100 గ్రాములకు 20 కిలో కేలరీల చొప్పున రోజుకు కనీసం 30 కిలో కేలరీలు కావాలి. మి.లీ.కు ఒక కిలో కేలరీ ఇచ్చే కూనల పాలపొడితో కలిపితే ఇది 30 మి.లీ. కడుపులో పట్టేది ఒక్కసారికి 6 మి.లీ. కనుక 5 మి.లీ. చొప్పున ఆరుసార్లు, అంటే నాలుగు గంటలకు ఒకసారి పట్టాలి. ఇదే శక్తిని మి.లీ.కు 0.65 కిలో కేలరీలుండే ఆవుపాలతో ఇవ్వాలంటే 46 మి.లీ. కావాలి, ఎనిమిదిసార్లు పట్టాలి. అంత పోసినా మాంసకృత్తులు చాలవు, లాక్టోజు ఎక్కువై విరేచనాలు మొదలవుతాయి. విరేచనాలతో ఒంట్లోని నీరు పోయి బరువు పడిపోతుంది. “ఎన్ని పాలు పోసినా పెరగడం లేదు” అనే ఫిర్యాదుకు చాలాసార్లు జవాబు ఆ పాలలోనే ఉంది. పట్టణాలలో పెంపుడు జంతువుల దుకాణాలలో పాలపొడి దొరుకుతుంది. డబ్బా మీద ఉన్న కొలత ప్రకారమే కలపాలి. చిక్కగా ఉంటే త్వరగా పెరుగుతుందని పొడి ఎక్కువ వేయడం ఎరువు ఎక్కువ వేసి పైరును మాడ్చుకోవడం వంటిదే.

పాలు పట్టేటప్పుడు కూనను పొట్ట మీద, తల్లి దగ్గర తాగే భంగిమలోనే ఉంచాలి. శిశువులా వెల్లకిలా పడుకోబెట్టరాదు. మూడు వారాల లోపు కూన తనంతట తాను మలమూత్రాలు విసర్జించలేదు. ప్రతిసారీ పాలు పట్టిన తరువాత గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో తోక కింద మృదువుగా తుడవాలి. పుట్టిన తొలి 16 నుంచి 18 గంటలలో తాగిన ముర్రుపాల ద్వారానే తల్లి నుంచి రోగనిరోధక శక్తి ప్రధానంగా అందుతుంది. ఆ గడువు దాటి దొరికిన అనాథ కూన విషయంలో పరిశుభ్రత మరింత అవసరం.

బరువు మోసగించే సందర్భాలు

కాటాను నమ్మమని చెప్పిన తరువాత, దాన్ని ఎక్కడ నమ్మకూడదో కూడా చెప్పాలి. నట్టలతో పొట్ట ఉబ్బిన కూన తూకంలో బాగానే ఉంటుంది. వెన్ను తడిమితే ఎముకలు చేతికి గుచ్చుకుంటాయి. నట్టలు తల్లిపాల ద్వారా కూడా వస్తాయి కనుక మూడు వారాల వయస్సు నుంచే, బరువును బట్టి మోతాదు లెక్కకట్టి, పశువైద్యుని సలహాతో నట్టల మందు వేయించాలి. కొన్ని అంటురోగాలలో పొట్టలో నీరు చేరి బరువు పెరుగుతున్నట్టే కనిపిస్తుంది. కనుక వారానికి ఒకసారైనా వేళ్లతో పక్కటెముకలు, వెన్ను తడిమి చూసి, ఆ సంగతి బరువు పక్కన రాయాలి. ఇందుకోసం 1997లో లాఫ్లామ్ ప్రచురించిన తొమ్మిది అంకెల శరీర స్థితి కొలమానాన్ని పశువైద్యులు నేటికీ వాడుతున్నారు. పక్కటెముకలు పలుచని కొవ్వు కింద సులువుగా తగలాలి, కంటికి కనిపించకూడదు. అది 5వ స్థానం.

మరో మోసం, ఒట్టి మాంసంతో పెరిగే కూనది. కోడి మాంసం ముక్కలు తిని బరువు చక్కగా పెరుగుతున్న కూన ఒకనాడు మెట్టు దిగి కాలు విరగ్గొట్టుకుంటుంది. మాంసంలో భాస్వరం కాల్షియం కంటే 15 నుంచి 20 రెట్లు ఎక్కువ. పెరిగే కూనకు కావలసినది దాదాపు సమాన నిష్పత్తి. లోటును పూడ్చడానికి శరీరం ఎముకల నుంచి కాల్షియం తీసుకుంటుంది, ఎముకలు పలుచబడతాయి. ఒక మూలకం లోపాన్ని మరో మూలకం ఆధిక్యం తెచ్చిపెట్టడం నేలల శాస్త్రం చదివినవారికి కొత్త కాదు. పెరుగన్నంతో పెరిగే కూనకు దీనికి భిన్నమైన లోపాలు. పిల్లి శరీరం టారిన్‌ను తగినంత తయారు చేసుకోలేదు, కూరగాయలలోని కెరోటిన్‌ను ఎ విటమిన్‌గా మార్చుకోలేదు. ఆహారంలో టారిన్ లోపించిన పిల్లుల గుండె కండరం బలహీనపడుతుందని 1987లో పియాన్ బృందం సైన్స్ పత్రికలో నిరూపించిన తరువాతనే పిల్లి దాణాలలో టారిన్‌ను పెంచారు.

రక్తహీనత కూడా తూకంలో ఆలస్యంగా కనిపిస్తుంది. 200 గ్రాముల కూన ఒంట్లో ఉండే రక్తం దాదాపు 12 మి.లీ., అంటే రెండున్నర చెంచాలు. బొచ్చులో గోమార్లు పట్టిన కూనకు అందులోంచి రోజూ కొంత పోతుంది. అలాగని పంటలకు వాడే పొడి మందులు, కుక్కలకు పోసే పెర్మెత్రిన్ మందులు పిల్లికి ఎన్నడూ వాడరాదు; అవి పిల్లికి విషం. సన్నని దువ్వెనతో దువ్వి, దొరికినవాటిని సబ్బునీటిలో వేయడమే ఈ వయస్సులో క్షేమం. జ్వరానికని పారాసెటమాల్ బిళ్ల వేయడం కూడా ఇలాంటిదే. ఒక్క బిళ్ల పెద్ద పిల్లినే చంపగలదు.

పాలు మాన్పించే దశ, ఆ తరువాత

నాలుగు వారాల తరువాత మెత్తని ఆహారం అలవాటు చేసేటప్పుడు రెండు మూడు రోజులు పెరుగుదల నెమ్మదించడం సహజం. తగ్గడం సహజం కాదు. ఎనిమిది వారాలకు పాలు పూర్తిగా మానేసి ఘనాహారం మీద ఉంటుంది. ఈ మధ్యకాలంలోనే తల్లి ఇచ్చిన నిరోధక శక్తి తరుగుతుంది. పాన్‌ల్యుకోపీనియా అనే ప్రాణాంతక వ్యాధి కూనలను ఎక్కువగా కబళించేదీ ఇప్పుడే. వాంతులు, విరేచనాలతో ఒక్క రోజులో బరువు గణనీయంగా పడిపోతే ఇంటివైద్యాలకు సమయం లేదు. మొదటి టీకా 6 నుంచి 8 వారాలకు వేయించి, 16 వారాల వయస్సు దాటేదాకా మూడు నాలుగు వారాలకు ఒకసారి పశువైద్యుడు చెప్పినట్టు మళ్లీ వేయించాలి. రేబిస్ టీకా 12 వారాల తరువాత. చరిత్ర తెలియని కూన కరిచినా గీరినా గాయాన్ని సబ్బునీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. చిన్నదే కదా అని వదిలేసే గాయం ఇది కాదు. తూకం వేసే పని చిన్నపిల్లలకు అప్పగించరాదని చెప్పడానికి ఇదీ ఒక కారణం.

పుస్తకంలో అయిదు గళ్లుంటే చాలు: తేదీ, వేళ, బరువు, క్రితం తూకంతో తేడా శాతంలో, తిండి లేదా మలం గురించి ఒక మాట. పశువైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకువెళ్లాలి. “మూడు రోజుల నుంచి బాగోలేదు” అనే మాట కంటే “సోమవారం 212, మంగళవారం 214, బుధవారం 205” అనే పంక్తి ఆయనకు ఎక్కువ చెబుతుంది. మందుల మోతాదు లెక్కకూ నేటి బరువే ఆధారం. పావు కిలో జీవికి 20 గ్రాముల తప్పు కూడా మోతాదును మార్చేస్తుంది.

నాలుగైదు నెలలకు కూన సుమారు రెండు కిలోలకు చేరుతుంది. ఆడపిల్లి నాలుగు నెలలకే ఎదకు రావచ్చు కనుక కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స గురించి ఆ సమయానికే పశువైద్యునితో మాట్లాడుకోవాలి. శస్త్రచికిత్స తరువాత శక్తి అవసరం తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది. అప్పటినుంచి నెలకు ఒకసారి తూస్తే చాలు. అంతవరకు పెరగడం లేదేమోనని చూసిన అదే గళ్లలో, ఇకమీదట అక్కరకు మించి పెరుగుతోందేమోనని చూడాలి.